ఒక్క 'యాడ్' మరిచిపోయి ఫ్లోర్ మొత్తం ఆఫ్‌లైన్ చేశాను. ఇంట్లో ల్యాబ్ పెట్టుకోవడానికి సలహా కావాలి

#1 నైట్‌షిఫ్ట్ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. ఒక కంపెనీ నాక్ టీమ్‌లో (నెట్‌వర్క్‌ను రాత్రింబవళ్లు గమనించే టీమ్) రెండున్నరేళ్లుగా పనిచేస్తున్నాను. ఎక్కువగా నైట్ షిఫ్టులే. అలారం వస్తే టికెట్ తెరవడం, లింక్ ఇచ్చిన ప్రొవైడర్‌కు ఫోన్ చేయడం, తేలకపోతే పై టీమ్‌కు అప్పగించడం. కాన్ఫిగరేషన్ మీద చెయ్యి పెట్టే అవకాశం చాలా తక్కువ.

పోయిన నెల ఆ అవకాశం వచ్చింది. ఒక ఫ్లోర్‌లో కొత్తగా సీసీ కెమెరాలు పెడుతున్నారు. వాటికోసం యాక్సెస్ స్విచ్ అప్‌లింక్ ట్రంక్ (చాలా వీల్యాన్లను కలిపి మోసే లింక్) మీద వీల్యాన్ 60 (అదే స్విచ్‌ల మీద విడిగా నడిచే ఒక నెట్‌వర్క్) కలపాలి. నేను 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 60' అని కొట్టాను. 'వీల్యాన్ యాడ్ 60' అని కొట్టాలి. ఎంటర్ నొక్కగానే పాత వీల్యాన్లన్నీ పోయి 60 ఒక్కటే మిగిలింది. ఫోన్లు, కంప్యూటర్లు, వైఫై అన్నీ పడిపోయాయి. మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా అదే ట్రంక్ మీద ఉంది కాబట్టి స్విచ్‌లోకి దూరంనుంచి లాగిన్ అయిన నా ఎస్ఎస్‌హెచ్ సెషన్ బిగుసుకుపోయింది, సరిచేసే దారి కూడా లేదు. అదృష్టం, ఇంకా సేవ్ చేయలేదు. అక్కడున్న సెక్యూరిటీ ఆయనకు ఫోన్ చేసి స్విచ్ పవర్ తీసి పెట్టించాం. పావుగంటలో అంతా తిరిగొచ్చింది. మేనేజర్ గట్టిగా ఏమీ అనలేదు గానీ, ఆ పావుగంట టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

ఆ కమాండ్ నాకు తెలియనిది కాదు. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏ పాసయ్యాను. కానీ పనిలో ఉన్న స్విచ్ మీద దాన్ని కొట్టడం అదే మొదటిసారి. అందుకే ఇంట్లో ల్యాబ్ పెట్టుకుందామనుకుంటున్నా. 25 వేల దాకా పెట్టగలను. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి పాత రౌటర్లు, స్విచ్‌లు చూసొచ్చాను. రెండు రౌటర్లు, రెండు స్విచ్‌లు తీసుకుంటే సరిపోతుందా? నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. ఉండేది కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్, ఇంట్లో ఏడాది పాప ఉంది.

#2 కన్సోల్‌కేబుల్ (విశాఖపట్నం)

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ 'యాడ్' మరిచిపోనివాళ్లు మన ఫీల్డులో తక్కువ. నేనూ మరిచిపోయాను, అదీ డిస్ట్రిబ్యూషన్ స్విచ్ మీద.

ఇక కొనే విషయం. సీటీసీలో చూసినవి ఇప్పుడే కొనొద్దు. ర్యాక్‌లో పెట్టే ఆ పరికరాలు ఏసీ గది కోసం చేసినవి, ఫ్యాన్ హోరుకు పాప నిద్రపోదు. కరెంటు లెక్క కూడా చూడు. పాత రౌటర్లు రెండు, పీఓఈ స్విచ్ (కేబుల్ ద్వారానే పరికరాలకు కరెంటు ఇచ్చేది) ఒకటి కలిపి 200 వాట్లు లాగితే రోజుకు 4.8 యూనిట్లు, నెలకు 144. ఇంటి వాడకానికి ఇది తోడైతే శ్లాబే మారిపోతుంది. వాడిన మినీ పీసీ ఒకటి తీసుకో, ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించే చిన్న డబ్బాలు ఉంటాయి చూడు, అవి. పని లేనప్పుడు 15 వాట్లు తీసుకుంటుందనుకున్నా నెలంతా కలిపి 11 యూనిట్లు దాటదు, చప్పుడు ఉండదు. ర్యామ్ మాత్రం 32 జీబీ ఉండాలి. ప్రాసెసర్ కొంచెం పాతదైనా పర్వాలేదు, ర్యామ్ దగ్గర రాజీ పడొద్దు. దాని మీద ప్రాక్స్‌మాక్స్ వేసుకుంటే ఎన్ని వర్చువల్ మెషిన్లయినా పెట్టి తీసేయొచ్చు.

ప్యాకెట్ ట్రేసర్ నువ్వు సీసీఎన్ఏకు వాడే ఉంటావు. అది సిమ్యులేటర్, అంటే నిజమైన స్విచ్ సాఫ్ట్‌వేర్ కాదు, దాని ప్రవర్తనను అనుకరించే ప్రోగ్రామ్. వాళ్లు రాసిపెట్టిన కమాండ్లే పనిచేస్తాయి. ఈవీఈ-ఎన్‌జీ, జీఎన్ఎస్3, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ లాంటివి అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌నే నడుపుతాయి కాబట్టి తప్పులు కూడా అసలువే వస్తాయి. సిస్కో వాళ్ల దాంట్లో 5 నోడ్‌ల వరకు ఉచితంగా ఇస్తున్నారు, మొదట్లో నీకు అంతకంటే అక్కర్లేదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఐఓఎస్ (సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) ఇమేజ్‌ల జోలికి మాత్రం పోవద్దు. లైసెన్స్ లేనివి, లోపల ఏం కలిపారో ఎవరికీ తెలియదు.

#3 రాక్‌యూనిట్ (బెంగళూరు)

కన్సోల్‌కేబుల్ అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. నేను డేటా సెంటర్‌లో పనిచేస్తాను. ల్యాబ్ మొత్తం వర్చువల్‌లో చేసినవాళ్లు మొదటిరోజు నా దగ్గరికి వచ్చి ఫైబర్ ప్యాచ్ కార్డు పట్టుకుని నిలబడిపోవడం చూశాను. టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (తీసుకునేది) తిరగేసి పెడితే లింక్ ఎందుకు రాదో, సింగిల్ మోడ్ ఎస్ఎఫ్‌పీకి (ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూల్) మల్టీమోడ్ కేబుల్ పెడితే ఏమవుతుందో వర్చువల్‌లో కనిపించదు. అక్కడ కేబుల్ చెడిపోదు, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా లెక్క) పెరగవు, ఒకవైపు ఫుల్ ఇంకోవైపు హాఫ్ డ్యూప్లెక్స్ పడి నెట్ నత్తలా నడవదు.

అందుకే నా సలహా: మినీ పీసీ కొనగా మిగిలిన డబ్బులో ఫ్యాన్ లేని 8 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒక్కటి తీసుకోండి. దానికి లేత నీలం రంగు కన్సోల్ కేబుల్, యూఎస్‌బీ కన్వర్టర్. 9600 బాడ్ పెట్టి లోపలికి వెళ్లడం, మోడ్ బటన్ నొక్కిపట్టి పాస్‌వర్డ్ రికవరీ చేయడం, ఈ రెండూ చేతికి రావాలి. ఆ రోజు సైట్‌లో సెక్యూరిటీ ఆయన కాకుండా మీరే ఉంటే ఏం చేసేవారో ఆలోచించండి.

#4 తెల్లబోర్డు (హైదరాబాద్)

నేను అమీర్‌పేటలో పదకొండేళ్లుగా నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతున్నాను. ఏం కొనాలనేదానికంటే, కొన్నాక ఎలా కూర్చోవాలనేది చెప్పాలనిపించింది.

మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ల్యాబ్ అంటే వీడియో చూస్తూ అవే కమాండ్లు కొట్టడం అనుకుంటారు. పింగ్ వెళ్లగానే మూసేస్తారు. వారం తర్వాత అడిగితే ఏమీ గుర్తుండదు. నేను వాళ్లకు పెట్టిన నియమం ఒకటే. ఎంటర్ కొట్టేముందు, ఏం జరుగుతుందో నోట్‌బుక్‌లో రాయాలి. రాశాకే కొట్టాలి. రాసింది తప్పయితే ఎందుకు తప్పయిందో తేలేదాకా అక్కడినుంచి కదలకూడదు.

ఉదాహరణకు స్పానింగ్ ట్రీ, అంటే స్విచ్‌ల మధ్య ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా ఒక దారిని ఆపే పద్ధతి. మూడు స్విచ్‌లను త్రిభుజంలా కలపండి. ఏదీ మార్చకండి. రూట్ బ్రిడ్జ్ (దారులన్నింటికీ కేంద్రమయ్యే స్విచ్) ఏదవుతుంది, ఏ పోర్టు బ్లాక్ అవుతుంది, ముందు కాగితం మీద రాయండి. ప్రయారిటీ అన్నింటికీ 32768, దానికి వీల్యాన్ నంబరు కలుస్తుంది. అన్నీ సమానం కాబట్టి మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే చిరునామా) చిన్నగా ఉన్న స్విచ్ గెలుస్తుంది. మ్యాక్ అడ్రస్ చిన్నగా ఉండేది చాలాసార్లు అన్నింటికంటే పాత స్విచ్‌కే. ప్రయారిటీ ఎవరూ సెట్ చేయని ఆఫీసులో స్టోర్‌రూమ్‌లోంచి తీసిన పాత స్విచ్ తగిలిస్తే, మొత్తం ట్రాఫిక్ దాని చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఈ ఒక్క ల్యాబ్ చేసినవాళ్లకు 'రూట్ ప్రయారిటీ ఎందుకు పెట్టాలి' అని మళ్లీ చెప్పనక్కర్లేదు.

తర్వాత ఒక కేబుల్ పీకండి, చేతిలో గడియారం పెట్టుకోండి. స్పానింగ్ ట్రీ పాత ప్రమాణం 802.1డీలో లిజనింగ్ 15 సెకన్లు, లెర్నింగ్ 15 సెకన్లు, అంటే 30. తెగిన లింక్ తనది కాకుండా అవతలి ఎక్కడిదో అయితే మ్యాక్స్ ఏజ్ 20 కూడా కలిసి 50. తర్వాత ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ పెట్టి అదే కేబుల్ మళ్లీ పీకండి. స్పానింగ్ ట్రీని 1985లో రేడియా పెర్ల్‌మన్ తయారుచేశారని నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను, ముఖ్యంగా ఆడపిల్లలకు. నలభై ఏళ్లు దాటినా ఆమె ఆలోచన మీదే మన స్విచ్‌లు నడుస్తున్నాయి.

నైట్‌షిఫ్ట్ గారూ, మీరు చేసిన ఆ ట్రంక్ తప్పును మొదటి ల్యాబ్‌గా పెట్టుకోండి. కావాలని చేయండి. రెండు స్విచ్‌లు, నాలుగు వీల్యాన్లు, రిమోట్‌గా లాగిన్ అయి 'యాడ్' లేకుండా కొట్టండి. తలుపు మూసుకుపోతుంది. ఇప్పుడు బయటపడే దారులు ఎన్ని ఉన్నాయో వెతకండి.

#5 నైట్‌షిఫ్ట్

మేడమ్, ఈ మాట ఎవరూ చెప్పలేదు నాకు. ఆ తప్పును మళ్లీ తలుచుకోకూడదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. థాంక్యూ.

మినీ పీసీ చూస్తున్నాను. దొరకగానే ఇక్కడ రాస్తాను.

#6 దూరపుహాప్ (డల్లాస్)

నేను సర్వీస్ ప్రొవైడర్ వైపు పనిచేస్తాను, కాబట్టి బీజీపీ (నెట్‌వర్క్‌లు తమ దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) గురించి ఒక మాట. ఎంటర్‌ప్రైజ్‌లో ఉన్నవాళ్లు బీజీపీ తమకు అక్కర్లేదనుకుంటారు. కానీ ఇప్పుడు క్లౌడ్‌కు ప్రైవేట్ లింక్ తీసుకున్నా బీజీపీయే మాట్లాడాలి.

దీనికి పెద్ద మెషిన్ కూడా వద్దు. కంటెయినర్‌ల్యాబ్ అనే ఉచిత సాధనం ఉంది. ఒక వైఏఎంఎల్ ఫైలులో ఏ రౌటర్ ఏ రౌటర్‌కు కలవాలో రాస్తే, నిమిషంలోపే మొత్తం టోపాలజీ లేస్తుంది. లోపల ఎఫ్ఆర్ఆర్ అనే ఉచిత రౌటింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే ఒక్కో రౌటర్‌కు ర్యామ్ చాలా తక్కువ చాలు, మీ 8 జీబీ ల్యాప్‌టాప్ మీద కూడా ఆరేడు నడుస్తాయి. నోకియా ఎస్ఆర్ లినక్స్ ఇమేజ్‌ను రిజిస్ట్రేషన్ కూడా లేకుండా దించుకోవచ్చు.

నేను మా కొత్తవాళ్లందరితో చేయించే ల్యాబ్ ఒకటి ఉంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికామ్ యూట్యూబ్‌ను తన దేశంలో ఆపడానికి 208.65.153.0/24 అనే రూట్‌ను తన నెట్‌వర్క్‌లో పెట్టుకుంది. అది పైనున్న ప్రొవైడర్ పీసీసీడబ్ల్యూ ద్వారా బయటికి పాకింది. యూట్యూబ్ ప్రకటిస్తున్నది 208.65.152.0/22. రౌటర్ ఎప్పుడూ ఎక్కువ నిర్దిష్టమైన ప్రిఫిక్స్‌నే (/ తర్వాత అంకె పెద్దదైన, అంటే చిన్నదైన అడ్రస్ బ్లాక్‌నే) ఎంచుకుంటుంది కాబట్టి, ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ ట్రాఫిక్ పాకిస్తాన్ దారి పట్టింది. గంటకు పైగా గడిచాక యూట్యూబ్ తానూ అదే /24 ప్రకటించింది, పదకొండు నిమిషాల తర్వాత రెండు /25లు ప్రకటించింది. చివరికి పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు రూట్లను వెనక్కి తీసుకుంది.

దీన్ని నాలుగు కంటెయినర్లతో మళ్లీ నడిపించండి. ఒకటి యూట్యూబ్, ఒకటి పాకిస్తాన్ టెలికామ్, ఒకటి పీసీసీడబ్ల్యూ, ఒకటి మామూలు యూజర్ ఉన్న ప్రొవైడర్. /24 ప్రకటించగానే యూజర్ రౌటర్‌లో దారి ఎలా మారుతుందో మీ కళ్లతో చూడండి. యూట్యూబ్ కూడా /24 ప్రకటిస్తే ఎందుకు సగం మాత్రమే తిరిగొచ్చిందో, /25లు పెడితే ఎందుకు పనిచేసిందో అక్కడే అర్థమవుతుంది. తర్వాత మధ్యనున్న ప్రొవైడర్ మీద ఒక ప్రిఫిక్స్ లిస్ట్ పెట్టి, కస్టమర్ తనది కానిది ప్రకటిస్తే తీసుకోకుండా ఆపండి. ఆ రోజు లోపించింది ఆ ఫిల్టరే. ఈ ల్యాబ్‌ను బయటి ఇంటర్నెట్‌కు ఏ రకంగానూ కలపకండి, ఇది మాత్రం మరిచిపోవద్దు.

#7 నైట్‌షిఫ్ట్

మూడు వారాలైంది. వాడిన మినీ పీసీ దొరికింది, 32 జీబీ ర్యామ్ వేయించాను. 8 పోర్టుల స్విచ్ కూడా తీసుకున్నా. మొత్తం బడ్జెట్‌కు కొంచెం లోపే వచ్చింది.

కానీ నిన్న ఇంట్లో గొడవైంది. మా ఆవిడ వర్క్ ఫ్రమ్ హోమ్. మీటింగ్ మధ్యలో నెట్ పోయింది. వైఫై గుర్తు ఉంది, నెట్ లేదు. చూస్తే తన ల్యాప్‌టాప్‌కు 10.10.10.14 అనే ఐపీ ఉంది. మా ఇంటి నెట్ 192.168.1 కదా. అది నా ల్యాబ్ రౌటర్‌లో నేను పెట్టిన డీహెచ్‌సీపీ పూల్ (పరికరాలకు తనంతట పంచే ఐపీల జాబితా). ల్యాబ్ ఆపేసి వైఫై తీసి పెడితే బాగైంది. తనకు సారీ చెప్పాను. అసలు ఎలా జరిగింది?

#8 కన్సోల్‌కేబుల్

ప్రాక్స్‌మాక్స్‌లో ల్యాబ్ రౌటర్‌ను వీఎంబీఆర్0 అనే వర్చువల్ బ్రిడ్జ్‌కి కలిపావు. ఆ బ్రిడ్జ్ నీ ఇంటి ల్యాన్ పోర్టుకు కట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఐపీ కావాలని బ్రాడ్‌కాస్ట్ పంపితే ఇంటి రౌటరూ విన్నది, నీ ల్యాబ్ రౌటరూ విన్నది. ముందు ఎవరి ఆఫర్ చేరితే మామూలుగా అదే తీసుకుంటుంది. నీది ముందు చేరింది.

వీఎంబీఆర్1 అని ఇంకో బ్రిడ్జ్ చెయ్యి, దానికి ఏ ఫిజికల్ పోర్టూ ఇవ్వకు. ల్యాబ్ మొత్తం దాని మీదే ఉండాలి. బయటికి వెళ్లాల్సి వస్తే మధ్యలో ఒక ఫైర్‌వాల్ వీఎం పెట్టి నాట్ (లోపలి ఐపీలను బయటి ఒక్క ఐపీగా మార్చడం) చేసుకో.

ఇదే తప్పు ఆఫీసులోనూ జరుగుతుంది. ఎవరో ఇంటినుంచి తెచ్చిన వైఫై రౌటర్ ల్యాన్ పోర్టును గోడ సాకెట్‌కు తగిలిస్తే చాలు. దీన్ని ఆపడానికే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉంది, అప్‌లింక్ ఒక్కటే ట్రస్టెడ్, మిగతా పోర్టుల్లోంచి ఆఫర్ వస్తే స్విచ్ పారేస్తుంది. నీ కొత్త స్విచ్‌లో ఆ సదుపాయం ఉంటే ఈ వారమే అది చేసి చూడు. కారణం ఇంట్లోనే దొరికింది కదా.

#9 గోదారిప్యాకెట్ (రాజమహేంద్రవరం)

నాదో చిన్న అనుభవం, బయటినుంచి ల్యాబ్‌లోకి రావాలనుకునేవాళ్లకు. మా ఊళ్లో తీసుకున్న ఫైబర్ కనెక్షన్‌కు పబ్లిక్ ఐపీ లేదు. రౌటర్ వ్యాన్ పోర్టు చూస్తే 100.72తో మొదలయ్యే అడ్రస్ ఉంది. 100.64.0.0/10 మొత్తం ప్రొవైడర్ స్థాయి నాట్ కోసం 2012లో కేటాయించినది. అలాంటిచోట పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు పెట్టినా లాభం లేదు, నేను రెండు రోజులు వృథా చేశాను. చివరికి చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దె సర్వర్) అద్దెకు తీసుకుని ఇంటినుంచి దానికి వైర్‌గార్డ్ వీపీఎన్ టన్నెల్ కట్టాను.

అక్కడా చిక్కే వచ్చింది. పింగ్ వెళ్తోంది, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అవుతోంది, కానీ కాన్ఫిగరేషన్ మొత్తం చూపించే 'షో రన్' కొట్టగానే స్క్రీన్ ఆగిపోతోంది. కారణం ఎంటీయూ, అంటే లింక్ మీద ఒకేసారి వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ సైజు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, అది 1500 లింక్ అనుకుని. నాది పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే కనెక్షన్), అక్కడ 1492 మాత్రమే. టన్నెల్ అదనపు బరువు 80 తీసేసి 1412 పెట్టగానే ఆ చిక్కు పోయింది. చిన్న ప్యాకెట్లు వెళ్లి పెద్దవి ఆగిపోతే ముందు ఎంటీయూనే అనుమానించండి.

#10 రాక్‌యూనిట్

పైదానికి తోడుగా: ఇదే ఎంటీయూ ఓఎస్‌పీఎఫ్‌లో (ఒకే సంస్థ రౌటర్లు దారులు చెప్పుకునే ప్రోటోకాల్) ఇంకో రూపంలో వస్తుంది. రెండువైపులా ఎంటీయూ వేరుగా పెట్టి నైబర్ ఏ స్థితిలో ఆగుతుందో చూడండి. జవాబు నేను చెప్పను, తెల్లబోర్డు మేడమ్ చెప్పినట్టు ముందు రాసి తర్వాత చూడండి.

#11 కొత్తబ్యాచ్ (వరంగల్)

అన్నలూ, అక్కా, నాది వేరే ప్రశ్న. ఈ ఏడాదే బీటెక్ అయింది. ల్యాబ్ చేస్తున్నాను. రెజ్యూమేలో రెండేళ్ల అనుభవం అని పెట్టుకోమని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు, ల్యాబ్‌లో చేసినవే ప్రాజెక్టులుగా చెప్పమంటున్నారు. పెట్టుకోవచ్చా?

#12 తెల్లబోర్డు

వద్దమ్మా. నేను ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నాను. రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. 'ఆ రోజు చేంజ్ ఫెయిలయితే ఎవరికి ఫోన్ చేశావు, ఎన్నింటికి వెనక్కి తీశావు' అంటే జవాబు రాదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది, తర్వాతి కంపెనీ దాకా ఆ మరక వస్తుంది.

ల్యాబ్‌ను ల్యాబ్ అనే రాయి. ఏం కట్టావు, ఏం విరిగింది, ఎలా కనుక్కున్నావు, మూడూ రాసి టోపాలజీ ఫైల్, కాన్ఫిగరేషన్లు గిట్‌లో పెట్టు. ఫ్రెషర్‌గా ఇవి చూపించే పిల్లలు నాకు చాలా తక్కువమంది కనిపించారు, కనిపించినప్పుడు వాళ్లతో గంటసేపు మాట్లాడాను. సీసీఎన్ఏ 120 నిమిషాల పరీక్ష, ఫీజు 300 డాలర్లు, మధ్యతరగతి ఇంటికి చిన్న మొత్తం కాదు. అందుకని ల్యాబ్ గట్టిపడ్డాకే తేదీ తీసుకో. సర్టిఫికెట్ మూడేళ్లే ఉంటుంది.

#13 దూరపుహాప్

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ అమెరికాలో కూడా ఈ కారణంగా మనవాళ్ల రెజ్యూమేలను అనుమానంగా చూసే మేనేజర్లను నేను చూశాను. నిజంగా కష్టపడినవాళ్లు దానివల్ల నష్టపోతున్నారు. చాలా బాధగా ఉంటుంది.

#14 నైట్‌షిఫ్ట్

రెండు నెలల తర్వాత వస్తున్నాను, పెద్ద పోస్టే, క్షమించండి.

ముందు రాక్‌యూనిట్ గారి ప్రశ్న. ఒకవైపు 1500, ఇంకోవైపు 1400 పెట్టాను. నేను నోట్‌బుక్‌లో 'నైబరే కనపడదు' అని రాశాను. తప్పు. హలోలు బాగానే వెళ్లాయి, టూ-వే దాటింది, ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఆగింది. ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ పెట్టి చూస్తే తెలిసింది, డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో ఇంటర్‌ఫేస్ ఎంటీయూ రాసి ఉంటుంది, తనకంటే పెద్దది కనిపిస్తే అవతలి రౌటర్ దాన్ని పక్కన పడేస్తుంది. హలోలో ఆ సంఖ్యే ఉండదు. అందుకే మొదట్లో అంతా బాగున్నట్టు కనిపించింది.

ఇక ట్రంక్ తప్పు. తెల్లబోర్డు మేడమ్ చెప్పినట్టు దాన్ని కావాలని తొమ్మిదిసార్లు చేశాను. మొదట 'రీలోడ్ ఇన్ 10' వాడాను. పది నిమిషాల్లో స్విచ్ తనే రీబూట్ అయి పాత కాన్ఫిగరేషన్‌తో లేచింది, కానీ రీబూట్ అయ్యేదాకా అందరూ ఆగిపోవాలి. తర్వాత ఆర్కైవ్ పెట్టుకుని 'కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 10' ప్రయత్నించాను. గడువులోగా 'కాన్ఫిగర్ కన్ఫర్మ్' కొట్టకపోతే మార్పు ఒక్కటే వెనక్కి పోతుంది, రీబూట్ లేదు. ఇది తెలిసి ఉంటే ఆ రోజు సెక్యూరిటీ ఆయన్ను లేపే పనే ఉండేది కాదు.

దాని మీద పైథాన్‌లో నెట్‌మికోతో చిన్న స్క్రిప్ట్ రాశాను. మార్పుకు ముందు 'షో ఇంటర్‌ఫేస్ ట్రంక్' తీసి దాచుకుంటుంది, మార్పు తర్వాత మళ్లీ తీసి పోలుస్తుంది. ఉన్న వీల్యాన్ ఏదైనా మాయమైతే ఎర్రగా చూపిస్తుంది. ముప్పై లైన్లు కూడా లేదు.

పోయిన శనివారం రాత్రి అలాంటి చేంజే మళ్లీ వచ్చింది, ఇంకో ఫ్లోర్ కెమెరాలు. నేనే చేస్తానని అడిగి తీసుకున్నా. కమాండ్లు, వెనక్కి తీసే కమాండ్లు ముందే రాసి సీనియర్‌కు చూపించాను. ఒంటిగంటకు మొదలుపెట్టి రివర్ట్ టైమర్ పెట్టాను, 'యాడ్ 60' కొట్టాను, స్క్రిప్ట్ నడిపాను, కన్ఫర్మ్ కొట్టాను. ఒంటిగంట ఏడు నిమిషాలకు టికెట్ మూసేశాను. స్క్రిప్ట్ టీమ్ ఫోల్డర్‌లో పెట్టమని మా సీనియర్ అడిగారు.

#15 కన్సోల్‌కేబుల్

చాలా సంతోషం తమ్ముడూ. ఆ స్క్రిప్ట్ ఇక్కడ కూడా పెట్టు, ఆఫీసు ఐపీలు, పాస్‌వర్డ్‌లు తీసేసి.

#16 కొత్తబ్యాచ్

అన్నా, నాకూ కావాలి. టోపాలజీ ఫైల్ కూడా పెట్టగలరా? కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను.

#17 నైట్‌షిఫ్ట్

తప్పకుండా. ఈ రాత్రి షిఫ్ట్ ఉంది, పొద్దున ఇంటికెళ్లి పాప లేచేలోపు రెండూ పెడతాను. ఈ వారం యూట్యూబ్ ల్యాబ్ మొదలుపెడుతున్నా. దూరపుహాప్ అన్నా, నా లెక్క ప్రకారం రెండువైపులా /24 ఉన్నప్పుడు ఎవరికి ఏఎస్ పాత్ (మధ్యలో దాటే నెట్‌వర్క్‌ల వరుస) చిన్నగా ఉంటే వాళ్లవైపు పోతుంది, అందుకే సగమే తిరిగొచ్చింది. నోట్‌బుక్‌లో ఇదే రాశాను. ఇంకా ఎంటర్ కొట్టలేదు.